జరగని నరికివేతకు లెక్క కట్టేవాళ్ళు

ఉష్ణమండల అడవిలో వాతావరణ విధానం టేపుతో మొదలవుతుంది. నేల నుంచి 1.3 మీటర్ల ఎత్తున, అంటే నిలబడ్డ మనిషి ఛాతీ దగ్గర, మానుకు టేపు చుట్టి వ్యాసం తీస్తారు. వేళ్ళు గోడల్లా పైకి లేచిన మహావృక్షమైతే ఆ గోడలు ముగిసేదాకా నిచ్చెన ఎక్కి కొలవాలి. ఆ వ్యాసాన్ని, కలప సాంద్రతను, వీలైతే చెట్టు ఎత్తును ఒక సూత్రంలో వేస్తే ఎండు బరువు అంచనాకు వస్తుంది. ఎండు బరువులో దాదాపు సగం కర్బనం. దాన్ని 44/12తో, అంటే సుమారు 3.67తో హెచ్చవేస్తే, ఆ చెట్టును నరికి కాల్చేస్తే గాలిలో ఎంత కార్బన్ డయాక్సైడ్ కలుస్తుందో తెలుస్తుంది.

ఆ అంకె అడవిలో ఆగిపోదు. నమూనా స్థలం నుంచి జాతీయ గణనలోకి, అక్కడి నుంచి ఐక్యరాజ్యసమితికి సమర్పించే నివేదికలోకి, ఏటా జూన్‌లో జర్మనీలోని బాన్ నగరంలో జరిగే చర్చల్లోకి, చివరకు ఒక దేశపు ఖజానాకు చేరే సొమ్ములోకి వెళ్తుంది. అటవీ సంరక్షణ అనీ, వాతావరణ విధానాల కోసం వాదించడం అనీ రెండు పేర్లతో పిలిచే వృత్తి నిజానికి ఈ దారి పొడవునా పరుచుకున్న ఒకే పని. ఆ దారిలో ఎక్కడ నిలబడ్డవారికైనా ఎదురయ్యే ప్రశ్న ఒకటే: నరకని చెట్టుకు విలువ ఎలా కట్టాలి? నరికిన చెట్టుకు కలప ధర ఉంది. చెట్లు పోయిన నేలకు సోయా ధర, పశుమాంసం ధర ఉన్నాయి. జరగని నరికివేతకు మాత్రం రసీదు ఉండదు. ఆ రసీదు రాయడం ఎలాగో ప్రపంచం రెండు దశాబ్దాలుగా నేర్చుకుంటోంది. చాలాసార్లు తప్పుగా రాసింది. ఆ తప్పులు అర్థమైతే తప్ప ఈ వృత్తి అర్థం కాదు.

పోతున్నది ఎంతో ముందు చెప్పుకోవాలి. మనుషుల వల్ల ఏటా వెలువడే కార్బన్ డయాక్సైడ్‌లో సుమారు పదో వంతు అడవుల నరికివేత, ఇతర భూవినియోగ మార్పుల నుంచి వస్తోంది. ఒక్క 2024లోనే ఉష్ణమండలంలో 67 లక్షల హెక్టార్ల ఆదిమ అరణ్యం పోయింది. రెండు దశాబ్దాలకు పైబడిన ఉపగ్రహ లెక్కల్లో అంతటి నష్టం ఎన్నడూ నమోదు కాలేదు. అందులో దాదాపు సగం మంటల పాలైంది. ఇది కర్బనం సంగతి. వాన సంగతి వేరే ఉంది. 1970లలో బ్రెజిల్ శాస్త్రవేత్త ఎనియాస్ సలాటి వాన నీటిలోని ఐసోటోపులను, అంటే ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువులను పరిశీలించి, అమెజాన్ తన వానలో పెద్ద భాగాన్ని తానే మళ్ళీ మళ్ళీ తయారుచేసుకుంటుందని చూపించాడు. అట్లాంటిక్ మీదుగా వచ్చిన తేమ వానై పడుతుంది, ఆకుల నుంచి ఆవిరై లేస్తుంది, ఇంకొంత పడమరకు వెళ్ళి మళ్ళీ కురుస్తుంది. చెట్లు తగ్గితే ఈ గొలుసు తెగుతుంది. నరికివేత 20 నుంచి 25 శాతానికి చేరితే అమెజాన్‌లో చాలా భాగం తిరిగి కోలుకోలేని విధంగా ఎండు గడ్డిభూముల వైపు మళ్ళవచ్చని శాస్త్రవేత్తలు థామస్ లవ్‌జాయ్, కార్లోస్ నోబ్రే 2018లో హెచ్చరించారు. ఇప్పటికే సుమారు ఆరో వంతు పోయింది.

క్యోటోలో మూసుకున్న తలుపు

1997 నాటి క్యోటో వాతావరణ ఒప్పందంలో ఒక ఏర్పాటు ఉంది. ధనిక దేశాలు పేద దేశాల్లో ఉద్గారాలను తగ్గించే పనులకు డబ్బు పెట్టి, ఆ తగ్గింపును తమ ఖాతాలో వేసుకోవచ్చు. అయితే 2001లో మరాకేష్‌లో నిబంధనలు ఖరారైనప్పుడు, అడవుల విషయంలో ఈ సౌకర్యాన్ని కొత్తగా చెట్లు పెంచే పనులకే పరిమితం చేశారు. వందల ఏళ్ళ నుంచి నిలిచి ఉన్న అడవిని కాపాడితే పైసా రాదు, ఖాళీ నేలలో మొక్కలు నాటితే వస్తుంది.

వినగానే అన్యాయం అనిపిస్తుంది. కానీ అప్పటి అభ్యంతరాలు కుంటిసాకులు కావు, ఇప్పటికీ అవే మన ముందున్నాయి. ఒక లోయను కాపాడితే రంపాలు పక్క లోయకు వెళ్తాయి. ఈ ఏడాది కాపాడిన అడవి పదేళ్ళ తర్వాత కాలిపోవచ్చు. అసలు డబ్బు ఇవ్వకపోతే ఆ అడవిని నిజంగా నరికేవారా అన్నది ఎవరికీ తెలియదు. వీటన్నిటికీ తోడు ఒక రాజకీయ భయం ఉండేది. చవకగా దొరికే అటవీ క్రెడిట్లు, అంటే వేరేచోట ఉద్గారాలు తగ్గాయని చెప్పే పత్రాలు, కొనుక్కుని ధనిక దేశాలు తమ పొగగొట్టాల జోలికి పోకుండా తప్పించుకుంటాయేమోనని చాలా పర్యావరణ సంఘాలే ఈ ఆలోచనను వ్యతిరేకించాయి.

చిక్కుముడిలో ఒక పోగును విప్పినవాళ్ళు బ్రెజిల్ పరిశోధకులు. 2003లో మిలాన్‌లో జరిగిన ఐక్యరాజ్యసమితి వాతావరణ సదస్సు సమయంలో వాళ్ళు చెప్పినది ఇది: లోయల వారీగా కాదు, దేశం మొత్తానికి ఒకే లెక్క పెట్టండి. పక్క లోయకు వెళ్ళిన రంపం కూడా అదే లెక్కలో పడుతుంది. దేశం మొత్తం మీద నరికివేత తగ్గితేనే, అదీ తగ్గిన తర్వాతే, డబ్బు ఇవ్వండి. 2005లో మాంట్రియల్‌లో పాపువా న్యూ గినీ, కోస్టారికా దేశాలు ఈ అంశాన్ని అధికారికంగా చర్చకు తెచ్చాయి. 2007లో బాలి సదస్సు చివరి గంటల్లో అమెరికా మొత్తం ఒప్పందానికే అడ్డుపడుతున్నప్పుడు, పాపువా న్యూ గినీ ప్రతినిధి కెవిన్ కాన్రాడ్ లేచి, నాయకత్వం వహించడం ఇష్టం లేకపోతే దారి వదలమని ఆ దేశాన్ని నిండు సభలో కోరాడు. కాసేపటికే అమెరికా దిగివచ్చింది. అడవుల నరికివేత అలా వాతావరణ చర్చల పట్టికలో చోటు సంపాదించింది. నరికివేత, అటవీ క్షీణత వల్ల వచ్చే ఉద్గారాల తగ్గింపు అనే అర్థమిచ్చే ఆంగ్ల పదాల మొదటి అక్షరాలతో దానికి రెడ్ అని పేరు పెట్టారు. సంరక్షణ, సుస్థిర నిర్వహణ, కర్బన నిల్వల పెంపు కూడా చేరాక రెడ్ ప్లస్ అయింది. 2010లో కాన్‌కున్‌లో ఆదివాసుల హక్కులకు, జీవవైవిధ్యానికి రక్షణ నియమాలు, 2013లో వార్సాలో కొలతల చట్రం వచ్చాయి. 2015 పారిస్ ఒప్పందంలో ఐదో అధికరణం అడవులదే.

రాని భవిష్యత్తుతో పోలిక

అసలు చిక్కు ఆధార స్థాయి దగ్గర ఉంది. తగ్గింది అనాలంటే దేనికంటే తగ్గిందో చెప్పాలి. ఏ జోక్యమూ లేకపోతే ఎంత నరికేవారో ఊహించి, ఆ ఊహలోంచి నిజంగా నరికినదాన్ని తీసివేస్తే మిగిలేదే ఫలితం. తీసివేతలో ఒక అంకెను ఉపగ్రహం చూసింది. రెండో అంకెను ఎవరూ ఎప్పటికీ చూడలేరు.

ఒక ఊహా లెక్క చూద్దాం. ఒక సంస్థ వెయ్యి హెక్టార్ల అడవిని కాపాడతానని ముందుకు వచ్చింది. మేము లేకపోతే ఏటా 50 హెక్టార్లు పోతాయని రాసుకుంది. ఏడాది చివర చూస్తే 10 హెక్టార్లే పోయాయి. 40 హెక్టార్ల కర్బనానికి క్రెడిట్లు పుట్టాయి, ఎక్కడో ఒక విమానయాన సంస్థ వాటిని కొని తన ప్రయాణాలకు కర్బన భారం లేదని ప్రకటించుకుంది. ఇప్పుడు అదే నేల, అదే వాలు, రోడ్డుకు అంతే దూరం ఉన్న, ఎవరూ కాపాడని మరో వెయ్యి హెక్టార్లను చూస్తే అక్కడ 12 హెక్టార్లు పోయాయి. అంటే నిజంగా దక్కినది 2 హెక్టార్లు, అమ్మినది 40 హెక్టార్ల పేరు మీద. 2023లో సైన్స్ పత్రిక ప్రచురించిన ఒక అధ్యయనం ఆరు దేశాల్లోని 26 స్వచ్ఛంద కర్బన క్రెడిట్ ప్రాజెక్టులను ఇదే పద్ధతిలో పోల్చి చూసింది. చాలా ప్రాజెక్టుల్లో నరికివేత చెప్పుకోదగినంత తగ్గలేదనీ, తగ్గినచోట కూడా చెప్పినదానికంటే చాలా తక్కువ తగ్గిందనీ తేల్చింది. అధ్యయనం పద్ధతి మీద వాదోపవాదాలు జరిగాయి, నియమాలు మార్చే పని మొదలైంది. కానీ మూలకారణం స్పష్టంగానే ఉంది. అమ్మేవారికి ఎక్కువ క్రెడిట్లు కావాలి, కొనేవారికి చవకగా కావాలి, తనిఖీ చేసేవారికి జీతమిచ్చేది అమ్మేవారే. అలాంటి చోట భవిష్యత్తును వీలైనంత భయంకరంగా గీయడం అందరికీ లాభం. ఇందులో అడవిలో కష్టపడ్డ కాపలాదారుల తప్పు ఏమీ లేదు. కలం ఎవరి చేతికి ఇచ్చారన్నదే తప్పు.

దేశం మొత్తానికి లెక్క పెట్టినా ఈ చిక్కు పూర్తిగా వదలదు. దక్షిణ అమెరికాలోని గయానా నేలలో అయిదింట నాలుగు వంతుల కంటే ఎక్కువ అడవే, నరికివేత ఎప్పుడూ చాలా తక్కువ. గత పదేళ్ళ సగటుతో పోల్చితే ఆ దేశం తగ్గించడానికి ఏమీ లేదు, కాబట్టి దానికి వచ్చేదీ ఏమీ లేదు. బాగా కాపాడుకున్నవారికి సున్నా, విచ్చలవిడిగా నరికి ఆపినవారికి బహుమతి. అందుకే 2009లో నార్వే, గయానా కుదుర్చుకున్న 25 కోట్ల డాలర్ల ఒప్పందంలో గయానా సొంత గతాన్ని మాత్రమే కాక, ప్రపంచ సగటును కూడా కలిపి ఆధార స్థాయి కట్టారు. ఇది న్యాయమా, గారడీయా అని నన్ను అడిగితే, న్యాయం కోసం చేసిన సర్దుబాటు అంటాను. కానీ ఆ సర్దుబాటుతో పుట్టిన టన్నులను వేరొకరి బొగ్గు పొగకు బదులుగా అమ్మడాన్ని ఒప్పుకోలేను. బొగ్గు పొగ నిజం, ఆ టన్నులు ఒక బేరంలో కుదిరిన అంకె.

బ్రెజిల్‌లో ఏం జరిగింది

2004లో బ్రెజిల్ అమెజాన్‌లో 27,772 చదరపు కిలోమీటర్ల అడవి నరికివేతకు గురైంది. 2012లో 4,571. ఎనిమిదేళ్ళలో ఎనభై శాతానికి పైగా తగ్గుదల. చరిత్రలో ఇంత వేగంగా ఇంత పెద్ద అడవిని కాపాడిన ఉదాహరణ మరొకటి లేదు. ఇదే కాలంలో అక్కడ సోయా దిగుబడి, పశుసంపద పెరిగాయి.

రబ్బరు పాలు తీసే కుటుంబంలో, ఆక్రి రాష్ట్రంలో పుట్టిన మరీనా సిల్వా 2003లో పర్యావరణ మంత్రి అయ్యారు. మరుసటి ఏడాది వచ్చిన కార్యాచరణ ప్రణాళికను ఒక్క పర్యావరణ శాఖకు వదిలేయకుండా అధ్యక్షుడి కార్యాలయం కింద అనేక మంత్రిత్వ శాఖలతో కలిపి నడిపించారు. బ్రెజిల్ అంతరిక్ష పరిశోధన సంస్థ 1988 నుంచే ఏటా నరికివేతను కొలుస్తోంది, కానీ ఏడాదికి ఒకసారి వచ్చే ఆ లెక్క శవపరీక్ష లాంటిది. 2004లో డెటర్ అనే హెచ్చరిక వ్యవస్థ వచ్చింది. కొద్ది రోజుల తేడాతో తీసిన చిత్రాలను పోల్చి, నరుకుతున్న చోటును తనిఖీ సంస్థ ఇబామాకు చెప్పేది. మొదట్లో ఆ ఉపగ్రహానికి 25 హెక్టార్ల కంటే చిన్న మడులు కనిపించేవి కావు. ఆ సంగతి అడవి నరికేవారికీ చేరింది, మడులు చిన్నవవుతూ వచ్చాయి. తర్వాత మరింత నిశితంగా చూసే ఉపగ్రహాలు వచ్చాయి.

కొత్త రక్షిత ప్రాంతాలను ప్రకటించారు, ఆదివాసుల భూములకు హద్దులు గీశారు. 2006లో పర్యావరణ సంఘాల ప్రచార ఒత్తిడితో, కొత్తగా నరికిన భూముల్లో పండిన సోయాను కొనబోమని పెద్ద వ్యాపార సంస్థలు ఒప్పుకున్నాయి. 2008లో పర్యావరణ నిబంధనలు పాటించినట్టు, భూమి పత్రాలు సరిగా ఉన్నట్టు చూపనిదే అమెజాన్‌లో వ్యవసాయ రుణం ఇవ్వరాదని నియమం పెట్టారు. నా దృష్టిలో మొత్తం కథలో అత్యంత తెలివైన చర్య అదే. రంపానికి పెట్టుబడి ఎక్కడి నుంచి వస్తోందో చూసి అక్కడే బిగించారు.

నరికివేత తగ్గించినందుకు ఇతర దేశాలు ఇచ్చే డబ్బుతో నడిచే అమెజాన్ నిధి పుట్టింది 2008లో. నార్వే వంద కోట్ల డాలర్ల దాకా ఇస్తానంది. అప్పటికే నరికివేత సగానికి పైగా తగ్గిపోయింది. ఈ వరుసను గుర్తుపెట్టుకోవాలి: ముందు ప్రభుత్వం చట్టాన్ని అమలు చేసింది, ఫలితం వచ్చింది, తర్వాత డబ్బు వచ్చింది. కర్బనం సొమ్ము అడవిని కాపాడిందని చెప్పేవారు ఈ వరుసను తిరగేస్తున్నారు. డబ్బు చేసిన మేలు ఉంది. అది అడవుల పక్షాన ఉన్న మంత్రికి మంత్రివర్గంలో బలం ఇచ్చింది, రాష్ట్రాల అగ్నిమాపక దళాలకూ ఆదివాసుల సంఘాలకూ నిధులిచ్చింది.

వరుస ఎదురు తిరిగినప్పుడు కూడా అదే తేలింది. 2019లో కొత్త ప్రభుత్వం నిధి పాలక మండళ్ళను రద్దుచేసింది, నిధి స్తంభించింది, తనిఖీలు సడలాయి. 2021లో నరికివేత 13,038 చదరపు కిలోమీటర్లకు ఎగబాకింది. చట్టాలు చాలావరకు అవే ఉన్నాయి, ఉపగ్రహాలు అవే చిత్రాలు పంపాయి. 2023లో సిల్వా మళ్ళీ మంత్రి అయ్యారు, నిధి తెరుచుకుంది, 2025 నాటికి లెక్క 5,796కు దిగింది.

కోస్టారికాది చిన్న కథ, కానీ ఇదే సంగతి చెబుతుంది. 1996 చట్టంతో ఇంధనం మీద పన్నులో కొంత తీసి అడవిని కాపాడే భూయజమానులకు చెల్లించారు. 1980లలో నేలలో సుమారు పావు వంతుకు పడిపోయిన అడవి సగం దాటింది. ప్రపంచమంతా ఆ చెల్లింపుల గురించే మాట్లాడుతుంది. అదే చట్టం అడవిని మరో ఉపయోగానికి మార్చడాన్ని నిషేధించిందని చాలామంది ప్రస్తావించరు.

ఎవరి అడవి

1987లో చికో మెండిస్ అనే రబ్బరు కార్మిక నాయకుడు ఆక్రి నుంచి మయామీకి విమానం ఎక్కాడు. అక్కడ జరుగుతున్న అంతర అమెరికా అభివృద్ధి బ్యాంకు సమావేశంలో, మీరు అప్పిచ్చి వేయిస్తున్న రోడ్డు మా అడవిని తినేస్తోందని అధికారులకు చెప్పాడు. రోడ్డుకు రుణం విడుదల ఆగింది. ఊళ్ళో అతడు, అతడి సహచరులు కుటుంబాలతో సహా రంపాల ముందు నిలబడేవారు. మయామీలో అతడు నిలబడ్డది అప్పు పత్రాల ముందు. ఈ వృత్తికి ఒక నిర్వచనం అడిగితే ఆ ప్రయాణాన్నే చూపిస్తాను. 1988 డిసెంబర్ 22న అతడిని ఇంటి పెరటి గుమ్మంలో కాల్చి చంపారు. 1990లో బ్రెజిల్ తొలి సేకరణ అభయారణ్యాన్ని ఏర్పాటు చేసింది. అడవిలో ఉండి, అడవి మీద బతికేవారికే దాన్ని కాపాడే హక్కు ఇచ్చే ఏర్పాటు అది, అతడు అడిగినదే.

హద్దులు గీసి హక్కు గుర్తించిన ఆదివాసుల భూముల్లో నరికివేత చుట్టుపక్కల కంటే బాగా తక్కువని అమెజాన్ ఉపగ్రహ చిత్రాలు పదే పదే చూపించాయి. 1992లో బ్రెజిల్ గుర్తించిన యానోమామి ఆదివాసుల భూభాగం ఒక్కటే 96 లక్షల హెక్టార్లు. ఇండోనేషియా రాజ్యాంగ న్యాయస్థానం 2013లో, ఆచారిక అడవులు, అంటే ఆదివాసులు తరతరాల ఆచారం ప్రకారం అనుభవిస్తున్నవి, ప్రభుత్వ అడవులు కావని తీర్పు చెప్పింది. తీర్పు ఒక వాక్యం, దాన్ని ఒక్కో గ్రామానికి పటంగా మార్చడం తరాల పని. గ్లాస్గో వాతావరణ సదస్సులో 2021లో దాతలు ఆదివాసులకు, స్థానిక సమాజాలకు 170 కోట్ల డాలర్లు ప్రకటించారు. ఖర్చయినదానిలో నేరుగా వారి సంఘాలకు చేరినది చాలా స్వల్పం. మధ్యలో సంప్రదింపుల సంస్థలు, ఆడిట్లు, నివేదికల భాష. ఈ రంగంలోకి వస్తున్న యువత ఈ ఒక్క విషయాన్ని సరిచేయగలిగినా జీవితకాలపు పని అవుతుంది.

ఈ పనిలోకి వచ్చేవారికి

వృక్షశాస్త్రం చదివినవారే రావాలని లేదు. ఉపగ్రహ చిత్రాలు చదవగలిగినవారు, భూచట్టాలు తెలిసినవారు, ఆర్థికవేత్తలు, పాత్రికేయులు, అనువాదకులు అందరూ కావాలి. 2008లో అమెరికా ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాలను ఉచితంగా విడుదల చేశాక, ఒకప్పుడు ప్రభుత్వాలకే సాధ్యమైన అటవీ గణన ఒక చిన్న సంఘానికి కూడా అందుబాటులోకి వచ్చింది.

చర్చల మందిరంలో పని వేరే రకం. ఒప్పుకోని మాటలన్నీ ముసాయిదాలో చదరపు కుండలీకరణాల మధ్య ఉంటాయి, ఒక్కొక్కటిగా వాటిని తీసివేయడమే చర్చ. పారిస్ ఒప్పందంలో అడవుల అధికరణం దేశాలు చర్యలు తీసుకోవడం సమంజసమని చెబుతుంది, తీసుకుని తీరాలని చెప్పదు. ఆ రెండు క్రియల మధ్య దూరం మీద రాత్రులకు రాత్రులు గడుస్తాయి. పెద్ద దేశం నుంచి వందలమంది వస్తారు. చిన్న అటవీ దేశం నుంచి వచ్చిన కొద్దిమందీ ఒకేసారి నడిచే అనేక సమావేశాల మధ్య పరుగెత్తాలి. అలాంటి ప్రతినిధికి సరైన సమయంలో ఒక పేజీ వివరణ, సరైన అంకె అందించడం బయటివాళ్ళకు కనిపించని గొప్ప సాయం.

ఆ అంకె ఎక్కడి నుంచి వస్తుందో చెప్పడానికి కాంగో నాకు ఇష్టమైన ఉదాహరణ. మధ్య కాంగో చిత్తడి అడవుల్లో పరిశోధకులు, స్థానిక గ్రామస్తులు బురదలో నడుస్తూ చువ్వలు దింపి లోతు కొలిచారు. 2017లో ఫలితం వచ్చింది: ఆ నేలలోని పీట్‌లో, అంటే నీటిలో పూర్తిగా కుళ్ళకుండా పేరుకుపోయిన మొక్కల మట్టిలో, సుమారు 3,000 కోట్ల టన్నుల కర్బనం ఉంది. అప్పటిదాకా ఏ ఒప్పందంలోనూ అది లెక్కలో లేదు. రెండు కాంగో దేశాల మాటకు చర్చల్లో బరువు పెరిగింది.

ఓటములు కూడా నేర్పుతాయి. తన అమెజాన్ అడవిలోని యాసుని జాతీయ వనంలో చమురు తీయకుండా వదిలేస్తాం, వచ్చే ఆదాయంలో సగం ప్రపంచం ఇవ్వాలని 2007లో ఈక్వడార్ కోరింది. అడిగిన 360 కోట్ల డాలర్లలో వచ్చినది నామమాత్రం, 2013లో ప్రభుత్వం చేతులెత్తేసింది. పదేళ్ళ తర్వాత, 2023 ప్రజాభిప్రాయ సేకరణలో సుమారు 59 శాతం ఈక్వడార్ ప్రజలు చమురును నేలలోనే ఉంచాలని ఓటేశారు. ఆ పదేళ్ళూ సంతకాలు సేకరిస్తూ న్యాయస్థానాల చుట్టూ తిరిగిన యువత పని అది. ప్రమాదం గురించి కూడా దాచకూడదు. ఆదివాసుల హక్కుల నిపుణుడు బ్రూనో పెరీరా, పాత్రికేయుడు డామ్ ఫిలిప్స్ 2022 జూన్‌లో బ్రెజిల్‌లోని జవారి లోయలో హత్యకు గురయ్యారు. ఈ రంగంలో చనిపోయేవారిలో ఎక్కువమంది పేర్లు ప్రపంచానికి తెలియవు.

2025 నవంబర్‌లో బ్రెజిల్‌లోని బెలెంలో ఒక కొత్త నిధి మొదలైంది. ప్రభుత్వాల నుంచి 2,500 కోట్ల డాలర్లు, ప్రైవేటు పెట్టుబడిదారుల నుంచి 10,000 కోట్లు సమీకరించి, వాటి మీద వచ్చే ఆదాయంతో నిలిచి ఉన్న ఉష్ణమండల అడవికి ఏటా హెక్టారుకు సుమారు 4 డాలర్లు ఇవ్వాలని లక్ష్యం. అయిదో వంతు ఆదివాసులకు, స్థానిక సమాజాలకు చేరాలి. ఇప్పటిదాకా అందిన హామీలు లక్ష్యానికి చాలా దూరంలో ఉన్నాయి. కానీ ఇందులో నాకు నచ్చినది ఒకటుంది: రాని భవిష్యత్తుతో పోలిక లేదు. ఉన్న అడవికి డబ్బు, పోయిన అడవికి కోత. గయానాకు గారడీ అవసరం లేదు, ఎవరూ భయంకరమైన ఊహలు గీయనక్కరలేదు.

అయితే ఉపగ్రహం పందిరిని చూస్తుంది. పెద్ద చెట్లను ఏరి నరికి, లోపల బోలుగా మారిన అడవి కూడా పైనుంచి చాలాకాలం పచ్చగానే కనిపిస్తుంది. పందిరి ఎంత దట్టంగా ఉంటే అడవి అనాలి, ఎంత బలహీనపడితే కోత వేయాలి అన్నదాని మీద ఇప్పుడు వాదన నడుస్తోంది. దాన్ని తేల్చాలంటే పందిరి కింద ఏ చెట్లు మిగిలాయో, ఎంత లావు ఉన్నాయో చూసి రావాలి. నమూనా స్థలాలకు మళ్ళీ మనుషులు వెళ్ళాలి, 1.3 మీటర్ల ఎత్తున మళ్ళీ టేపు చుట్టాలి.